చిన్న ఫైలు, పెద్ద బరువు

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌లో ఈమధ్య ఫోనుతో తీసిన పెళ్లి వీడియో పెడితే సన్నాయి చక్కగా వినిపిస్తుంది, పెళ్లికూతురు మాత్రం అడుగుకోసారి ఆగిపోతుంది. శబ్దం పని ఎంత పాత ప్రాసెసర్‌కైనా తేలికే. బొమ్మలే భారం. అందుకే ప్లేయర్ శబ్దాన్ని ఆపకుండా, వేళకు సిద్ధం కాని ఫ్రేములను వదిలేస్తూ పోతుంది. ఇంట్లోవాళ్లు చెప్పే కారణం ఒకటే: మిషన్ ముసలిదైపోయింది. కానీ అదే మిషన్ డీవీడీ సినిమాను తడబడకుండా ఆడిస్తుందే! దాని శక్తి ఎంతుందో అంతే ఉంది, మారింది వీడియో. ఆ మార్పును మెగాబైట్లలో కొలవబోయి పొరపడుతున్నాం. ఫైలుకు డిస్కులో ఎంత చోటు కావాలన్నది ఒక లెక్క, దాన్ని విప్పి తెరమీద చూపడానికి ఎంత శ్రమ కావాలన్నది మరో లెక్క. చాలాసార్లు మొదటిది తగ్గేకొద్దీ రెండోది పెరుగుతుంది.

కెమెరా చూసిందంతా ఉన్నదున్నట్టు దాచాలంటే ఏ డిస్కూ చాలదు. పక్కపక్క ఫ్రేముల్లో మారని భాగాన్ని మళ్లీ రాయకుండా, కదిలిన భాగం ఎటు కదిలిందో రాసుకునే పద్ధతుల సమాహారమే కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 బొమ్మను 16×16 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. 2013 నాటి హెచ్.265 గడి 64×64 దాకా ఉండొచ్చు, అవసరమైనచోట చిన్న ముక్కలూ అవుతుంది. పక్క పిక్సెళ్లను బట్టి ఒక గడిని ఊహించడానికి పాతదానిలో తొమ్మిది దారులుంటే ఇందులో 35. దాదాపు సగం సైజులో అదే నాణ్యత రావాలన్నది దీని లక్ష్యం. ఆ పొదుపుకు మూల్యం ఆడించే యంత్రం చెల్లిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌ల చిప్పుల్లో ఆ పనికి ప్రత్యేక విభాగం ఉంటుంది. ఇంటెల్‌లో హెచ్.265కు అది పూర్తిస్థాయిలో వచ్చింది 2015లో, స్కైలేక్ తరంతో. 2018లో విడుదలైన ఏవీ1 కోడెక్‌కైతే 2020 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు ముందరి యంత్రాల్లో భారమంతా, లేదా చాలావరకు, ప్రాసెసర్ మీదే. ఐఫోన్లేమో 2017 నుంచే హెచ్.265లో తీయడం మొదలుపెట్టాయి.

పిక్సెళ్ల లెక్క ఇంకా కఠినం. 2008 ప్రాంతంలో చవగ్గా అమ్ముడైన నెట్‌బుక్‌ను తీసుకుందాం: ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక్కటే కోర్, 1.6 గిగాహెర్ట్జ్ వేగం, చాలావాటిలో 1024×600 తెర. దాని గ్రాఫిక్స్ చిప్పుకు హెచ్.264ను సైతం విప్పే వసతి లేదు. 1920×1080 వీడియోలో ఒక్కో ఫ్రేముకు 20.7 లక్షల పిక్సెళ్లు, ఆ తెరమీద ఉన్నవి 6.1 లక్షలు. అంటే ప్రాసెసర్ చెమటోడ్చి విప్పినదానిలో పదింట ఏడు వంతులు ఎవరి కంటా పడకుండానే పోతుంది. ఫోనులో 4కే, సెకనుకు 60 ఫ్రేములు అని పెట్టి తీస్తే సెకనుకు 49.8 కోట్ల పిక్సెళ్లు విప్పాలి. అదే వీడియోను 1024×576కు, 30 ఫ్రేములకు కుదిస్తే 1.8 కోట్లు చాలు. తెరకు సరిపోయిన కొలతను మించి ఒక్క పిక్సెల్ ఇచ్చినా వృథా అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి చేయాల్సింది తెరంత కొలతకు కుదించి, పాత కోడెక్‌లోకి మార్చడం. చాలామంది ఇక్కడే దారి తప్పి, ఎంకేవీ ఫైలును ఎంపీ4 చేసి ఊరుకుంటారు. ఆ రెండూ డబ్బాలు మాత్రమే, లోపలి హెచ్.265 అలాగే ఉంటే డబ్బా మార్చి ఏం లాభం? హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264 ఎంచుకుని, వెడల్పు 1024కు మించకుండా చూసి, ఫ్రేములు 30కి కట్టి, నాణ్యత అంకె 20 దగ్గర పెడితే సరి. ఈ అంకె పెరిగేకొద్దీ నాణ్యత తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ‘ఫాస్ట్ డీకోడ్’ అన్న గడిలో టిక్ పెడితే, గళ్ల అంచులు నునుపు చేయడంలాంటి ఖరీదైన పనులను మానేస్తుంది. బొమ్మ ఒక పిసరు గరుకుగా, ఫైలు కాస్త పెద్దగా వస్తాయి. ఇలా మార్చిన ఫైలు అసలుదానికంటే పెద్దదైనా కంగారు పడనక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు చోటు చవక, ప్రాసెసర్ సమయమే ప్రియం.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఒకసారి కుదించిన వీడియోను మళ్లీ కుదిస్తే నాణ్యత పోతుందంటారు. పోతుంది, నిజమే. కానీ పోయేదానిలో ఎక్కువ పాలు ఆ తెర ఎలాగూ చూపలేనిదే, పైగా అసలు ఫైలును విడిగా దాచుకోవడం ఎలాగూ తప్పనిసరి. సమయం సంగతి మాత్రం కొట్టిపారేయలేం. నెట్‌బుక్‌లోనే మార్చబోతే ఒక్క సినిమాకే రాత్రి గడిచిపోవచ్చు. వేరే కంప్యూటర్ దొరికితే అక్కడ మార్చి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మేలు. ఒక్కసారి చూసి వదిలేసే వీడియోకు ఇంత శ్రమ దండగ. ముందు వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో హెచ్.264 అంచుల నునుపును వదిలేయమనే ఎంపిక వాడి చూడాలి, కొద్దిగా తడబడే వీడియోకు అది చాలొచ్చు. పదేపదే చూసే పాఠాలకు, దాచుకునే కుటుంబ వీడియోలకు మార్చడమే లాభం.

ఆన్‌లైన్‌లో చూసేవాటికి ఈ పద్ధతి పనిచేయదు. యూట్యూబ్‌లో 480పీ ఎంచుకుంటే పిక్సెళ్లు తగ్గుతాయి గానీ, బ్రౌజర్‌కు వచ్చేది చాలాసార్లు హెచ్.264 కంటే భారమైన వీపీ9 లేదా ఏవీ1 కోడెక్‌లో ఉంటుంది. హెచ్.264నే పంపమని అడిగే హెచ్264ఫై వంటి బ్రౌజర్ జోడింపులు అందుకే పుట్టాయి. డబ్బు కట్టి చూసే ఓటీటీ సినిమాలకు మాత్రం తాళం ఉంటుంది, అక్కడ మార్చుకోవడానికి ఫైలంటూ మన చేతికి రాదు.