చీకటి బొంగరం

మిక్కిలి వేగంగా తిరిగే బొంగరం కదలక నిలిచినట్లే కనబడుతుంది. దానిపై సున్నంతో ఒక చుక్క పెట్టి తిప్పితే, ఆ చుక్క సాగి గీత అవుతుంది. ఆ గీతను చూచి గదా అది తిరుగుతున్నదని గ్రహిస్తాము! ఇక బొంగరమే కంటికి కానరానిదై, 6 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్నదనుకొందాము. దాని భ్రమణాన్ని కొలిచేదెట్లు?

ఎన్.జి.సి. 1365 అనే గెలాక్సీ నడుమ అట్టి కృష్ణబిలమొకటి ఉన్నది. దాని బరువు ఇంచుమించు 20 లక్షల సూర్యుల బరువు. తనలో పడిన దేని గుర్తునూ కృష్ణబిలం పైకి చూపదు. దానికి మిగిలేవి ముఖ్యంగా రెండే లక్షణాలు: ద్రవ్యరాశి, భ్రమణం. తిరిగే బిలానికి సరిపడే గణితాన్ని 1963లో న్యూజీలాండు దేశీయుడైన రాయ్ కెర్ సాధించినాడు.

బిలంలోనికి జారే వాయువు, ముందుగా దాని చుట్టూ కుమ్మరి సారె వలె పళ్లెమై తిరుగుతుంది. ఈ బిలం తిరగనిదైతే, పళ్లెపు లోపలి అంచు కేంద్రం నుండి సుమారు 1 కోటి 80 లక్షల కిలోమీటర్ల వద్దనే ఆగిపోవలెను. పళ్లెం తిరిగే దిశలోనే బిలమూ గరిష్ఠవేగంతో తిరిగితే, ఆ అంచు సుమారు 30 లక్షల కిలోమీటర్ల దాకా చేరవచ్చును. కనుక అంచు జాడ తెలిస్తే భ్రమణం తెలిసినట్లే.

ఆ జాడ తెలిపే సున్నపుచుక్క ఇనుము. పళ్లెంలోని ఇనుప పరమాణువులపై ఎక్స్‌రే కిరణాలు పడినప్పుడు, అవి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల కిరణాలను వెలువరిస్తాయి. బిలానికి చేరువ నుండి బయలుదేరిన కిరణం ఆ గురుత్వాన్ని ఎదిరించి రావడంలో శక్తిని కోల్పోతుంది. అందుచేత వర్ణపటంలో సన్నగా ఉండవలసిన గీత, తక్కువ శక్తి వైపునకు తోక వలె సాగిపోతుంది. వేరొక గెలాక్సీలో ఇట్టి గీతను జపాను ఉపగ్రహమైన ఆస్కా పట్టిన వార్త 1995లో వెలువడినది.

అయితే వివాదం అక్కడనే పుట్టినది. నడుమ అడ్డువచ్చిన వాయుమేఘాలు కొంత కాంతిని మింగినా, గీత అట్లే వక్రించినట్లు కనబడవచ్చునని కొందరు వాదించినారు. అదే నిజమైతే, భ్రమణమని కొలిచినదంతా మబ్బుల మాయయే!

2012 జూన్‌లో అమెరికా ప్రయోగించిన న్యూస్టార్ దూరదర్శిని, 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు గల కిరణాలను చూడగలది. ఆ జూలైలో అదీ, ఐరోపా వారి ఎక్స్.ఎం.ఎం. న్యూటనూ కలిసి ఎన్.జి.సి. 1365ను పరిశీలించినవి. గీడో రిసాలీటీ బృందం 2013లో ఫలితాన్ని ప్రకటించినది: కేవలం మేఘాలతో ఆ అధికశక్తి కాంతికి సమాధానం కుదరదు, బిలం తన గరిష్ఠ భ్రమణంలో కనీసం 84 శాతంతో తిరుగుతున్నది. వాదం అంతటితో సమసిపోలేదు గాని, మేఘాల పక్షం మాత్రం బలహీనపడినది.

ఇంత శ్రమ దేనికని పాఠకులు అడుగవచ్చును. ఒకే దిశ నుండి చిరకాలం ఆహారం అందిన బిలం వేగాన్ని పుంజుకొంటుంది. నలువైపుల నుండి చిల్లర తునకలు పడితే ఆ తోపులు ఒకదానినొకటి చెరుపుకొంటాయి. తాను మింగినవాటి రూపురేఖలను మాపివేసే కృష్ణబిలం, తాను పెరిగిన తీరును మాత్రం తన తిరుగుడులో దాచుకొన్నది. దానిని చదివి మనకు వినిపిస్తున్నది పిడికెడు ఇనుము వెలుగు.