మంచి చెడ్డలు ఎట్లా తేల్చుకోవాలి?

"అది న్యాయం కాదు." "అట్లా చెయ్యడం తప్పు." "ఆమె మంచి మనిషి."

ఈ మాటలు వినపడని ఇల్లు లేదు. మరి ఏది న్యాయం? ఏది తప్పు? ఎవరిని మంచి మనిషి అంటాం? ఈ ప్రశ్నలను గురించి లోతుగా ఆలోచించే చదువు ఒకటి ఉంది. దాని పేరు నీతిశాస్త్రం.

నీతిశాస్త్రం అంటే నీతి కథలు కాదు. "ఇట్లా ఉండు, అట్లా ఉండకు" అని చెప్పే బోధ కాదు. "ఎందుకు?" అని అడిగే చదువు.

ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది: 'మంచి' అంటే అసలు ఏమిటి? అది అందరికీ ఒకటేనా, ఊరికో తీరుగా ఉంటుందా? రెండోది: మంచి చెడ్డలను దేనితో కొలవాలి? మూడోది: ఆ కొలతను బతుకులో ఎట్లా వాడాలి? ఆసుపత్రిలో, ఫ్యాక్టరీలో, పొలంలో ఏం చెయ్యాలి?

ఈ పాఠంలో ముఖ్యమైన కొలతలను చూద్దాం. మనకు తెలిసిన సంగతితోనే చూద్దాం.

నక్కవాగు సంగతి

పటాన్‌చెరు, పాశమైలారం ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. 2016 వరకు అవి మెదక్ జిల్లాలో ఉండేవి. 1970ల నుంచి ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాయి. వెనకబడిన ప్రాంతం బాగుపడుతుందని అన్నారు. నిజంగానే వేలమందికి పని దొరికింది. ఇక్కడ తయారైన మందులు దేశదేశాలకు పోయాయి.

కాని ఫ్యాక్టరీల మురికినీళ్ళు చెరువుల్లో, వాగుల్లో కలిశాయి. నక్కవాగు పాడైంది. ఆ వాగు పోయి మంజీర నదిలో కలుస్తుంది. వాగు పక్క ఊళ్ళలో బావులు చెడిపోయాయి. పొలాలు దెబ్బతిన్నాయి. 1990లో ఈ గోస సుప్రీంకోర్టు దాకా పోయింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. 1994లో పటాన్‌చెరులో మురికినీళ్ళను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం మొదలైంది. అయినా బాధ తీరలేదు. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళలో మందులు చాలా ఎక్కువగా ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు చెప్పారు.

ఇందులో తప్పు ఉందా? ఉంటే ఎక్కడ ఉంది? ఐదు కొలతలతో చూద్దాం.

1. ఫలితం

"పనిని కాదు, ఫలితాన్ని చూడు. ఎక్కువమందికి మేలు జరిగితే అది మంచి పని." ఇంగ్లండులో పుట్టిన బెంథామ్ (1748–1832) ఇట్లా వాదించాడు.

ఈ లెక్కన ఒక పక్క కూలీ, జీతం, మందులు రాసుకోవాలి. ఇంకో పక్క చెడిన బావి, పోయిన పంట, వచ్చిన రోగం రాసుకోవాలి. ఏది ఎక్కువో చూడాలి. ఇది మంచి లెక్కే. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. లాభం ఒకరిది, నష్టం ఇంకొకరిది. అంతా కలిపి కూడితే నష్టపోయినవాళ్ళు కనిపించకుండా పోతారు.

2. కర్తవ్యం

జర్మనీకి చెందిన కాంట్ (1724–1804) ఇంకో మాట చెప్పాడు. మనిషిని ఎన్నడూ ఒట్టి పనిముట్టుగా వాడుకోకూడదు. ఎంత లాభం వచ్చినా సరే, కొన్ని పనులు చెయ్యరాదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. మందుబిళ్ళల్లో కలిపే పొడి తయారుచేసే ఫ్యాక్టరీ అది. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది దూరపు రాష్ట్రాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. బాధ్యులు ఎవరో తేల్చవలసింది కోర్టులు. మన ప్రశ్న వేరు. "వాళ్ళకు నష్టపరిహారం ఇస్తే లెక్క సరిపోతుందా?" సరిపోదు అంటాడు కాంట్. వస్తువుకు వెల ఉంటుంది. మనిషికి వెల లేదు, గౌరవం ఉంది. పనిచేసేవాళ్ళ ప్రాణం కాపాడడం యజమాని దయ కాదు, అది కర్తవ్యం.

3. న్యాయం

అమెరికాకు చెందిన రాల్స్ 1971లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన ఉపాయం ఇది. రేపు మీరు ఎవరుగా ఉంటారో మీకు తెలియదనుకోండి. ఫ్యాక్టరీ యజమాని కావచ్చు. వాగు పక్క రైతు కావచ్చు. బీహారు నుంచి వచ్చిన కూలీ కావచ్చు. అప్పుడు ఎటువంటి కట్టుబాటు పెడతారు? ఎవరికీ అన్యాయం జరగనిదే పెడతారు కదా!

చెడగొట్టినవాళ్ళే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు వేరే కేసుల్లో గట్టిగా చెప్పింది. అది ఈ న్యాయం మాటే.

4. గుణం

సుమారు 2300 ఏళ్ళ కింద గ్రీకు దేశంలో అరిస్టాటిల్ అనే పండితుడు ఉండేవాడు. "ఏం చెయ్యాలి అనేకాదు, ఎటువంటి మనిషిగా బతకాలి అని అడుగు" అన్నది ఆయన దారి. ధైర్యం, నిజాయితీ పుట్టుకతో రావు. చేస్తూ చేస్తూ ఉంటే అలవాటవుతాయి. రాత్రిపూట ఎవరూ చూడనప్పుడు మురికినీళ్ళను వాగులోకి వదలమంటే, వదలనని చెప్పే మనిషి కావాలి. ఎన్ని చట్టాలున్నా అటువంటి మనుషులు లేకపోతే లాభం లేదు.

5. ఆదరణ

1982లో అమెరికాలో గిల్లిగన్ అనే ఆమె ఒక పుస్తకం రాసింది. నీతి అంటే హక్కులు, నియమాలే కాదు, ఒకరినొకరు చూసుకోవడం కూడా అన్నది ఆమె మాట. నీళ్ళు చెడితే దూరం నుంచి బిందె మోసేది ఎవరు? పిల్లకు జబ్బు చేస్తే పని మానుకుని కూర్చునేది ఎవరు? ఈ కష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు. ఎక్కాలి.

ఏ కొలత సరైనది?

పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఏ ఒక్క కొలతా చాలదు. ఒకటి చూడనిది ఇంకొకటి చూపిస్తుంది. అందుకే "ఇది అందరి మంచికే" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి. "ఆ అందరిలో ఎవరున్నారు? నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? వాళ్ళను అడిగారా?" అని అడగండి.

కొన్ని రకాల ఫ్యాక్టరీలు పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని చట్టం ఉంది. దానికి ముందు నోటీసు వేస్తారు. ఆ నోటీసు చదవడం ఇప్పుడు మీకు వచ్చు. సభలో లేచి అడగడం కూడా మీ హక్కే.

మాట్లాడుకోండి

మీ ఊరి చెరువు పక్కన కొత్త ఫ్యాక్టరీ వస్తుందట. 200 మందికి పని ఇస్తామన్నారు. మీ సంఘంలో కూర్చుని ఐదు కొలతలతో ఐదు ప్రశ్నలు తయారుచేయండి. వాటిని మీ చేతిరాతతో రాయండి.