రసీదు లేని పన్ను

చీరాల పేరు చెప్పగానే పెద్దలకు గుర్తుకు వచ్చేది చీరాల-పేరాల ఉద్యమం. ఆంగ్లేయుల ప్రభుత్వం 1919లో ఈ రెండు ఊళ్ళను కలిపి మునిసిపాలిటీగా మార్చింది. దాంతో ఏడాదికి 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను 40 వేలకు చేరింది. మగ్గం మీద బతికే జనం అంత భారం మోయలేమన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. చివరకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాదిమంది ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ దాదాపు 11 నెలలు గడిపారు. మన మాటల్లో చెప్పాలంటే అదొక హిజ్రత్.

ఆ పన్నుకు రసీదైనా ఉండేది. అదే గడ్డ మీద ఈనాడు మనం ఏ చట్టసభా విధించని, ఏ రసీదూ లేని మరో పన్నును నోరెత్తకుండా కడుతున్నాం. దాని పేరు లంచం. ఉర్దూలో రిష్వత్. కచేరీల్లో దానికి ముద్దుపేర్లు చాలా ఉన్నాయి: మామూలు, టీ ఖర్చులు, చేయి తడపడం, ఆమ్యామ్యా. సారా సీసా మీద షర్బత్ అని కాగితం అంటించినంత మాత్రాన అది హలాల్ అయిపోదు.

ఈ పన్ను అందరికంటే ముందు పడేది పేదవాడి మీదే. ఉన్నవాడు తన పని చేయించుకోవడానికి మనిషిని పంపిస్తాడు. లేనివాడు కూలి మానుకుని తానే వెళ్ళాలి. వితంతువు పింఛను, పిల్లవాడి స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం, రైతు పట్టాదారు పుస్తకంలో పేరు మార్పు, ఇంటి పన్నులో పేరు సవరణ... ఇవేవీ ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు, పౌరుని హక్కులు. ‘రేపు రా’ అన్న మాట మూడుసార్లు విన్నాక, పోయిన మూడు రోజుల కూలికంటే చేతిలో పెట్టే నోటే చవక అనిపిస్తుంది. లంచగొండికి బలం చేకూర్చేది ఈ లెక్కే.

మింబర్ ఎక్కి చేసిన హెచ్చరిక

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన పేరు ఇబ్నుల్ లుత్బియ్య. తిరిగివచ్చి, తెచ్చిన సొమ్మును రెండు భాగాలు చేసి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్నాడు. ప్రవక్త (స) మింబర్ ఎక్కి ప్రజలందరి ముందూ ఆ విషయం ఎత్తారు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుకలు వెతుక్కుంటూ వచ్చేవా అని ప్రశ్నించారు. ఇలా తీసుకున్నవాడు ప్రళయదినాన ఆ ఒంటెనో, ఆవునో, మేకనో మెడ మీద మోసుకుంటూ హాజరవుతాడని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉన్న హదీసు ఇది.

గమనించండి. ఆ ఉద్యోగి ఎవరినీ పీడించినట్టు ఇందులో లేదు. ఇచ్చినవారు నవ్వుతూనే ఇచ్చి ఉండవచ్చు. అయినా అది హరామ్ అయింది. ఎందుకంటే కానుక వచ్చింది మనిషికి కాదు, కుర్చీకి. పండుగకు అధికారి ఇంటికి వెళ్ళే మిఠాయి పెట్టెలనూ, ఇంట్లో పెళ్ళయితే ఆయన చేతికి అందే బంగారు ఉంగరాలనూ ఈ తక్కెడలోనే తూచాలి.

మరో ఉద్యోగి కథ కూడా ఉంది. ఖైబర్ ఖర్జూర తోటల పంట అంచనాకు ప్రవక్త (స) అబ్దుల్లా బిన్ రవాహా (రజి)ను పంపేవారు. అక్కడి యూదులు తమ ఆడవాళ్ళ నగలు పోగుచేసి, లెక్క కాస్త తగ్గించమని ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని హరామ్ సొమ్మని తోసిపుచ్చారు. మీరంటే నాకు గిట్టకపోయినా ఆ కారణంగా మీకు అన్యాయం మాత్రం చేయనన్నారు. భూమ్యాకాశాలు నిలిచింది ఇలాంటి న్యాయం మీదేనని లంచం ఇవ్వజూపినవారే ఒప్పుకున్నారు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉన్న ఉదంతం ఇది. తనవాడు కానివాడికి సైతం సరైన తూకం వేయడమే ఉద్యోగ ధర్మం.

లంచం ఎక్కడ పుడుతుంది?

లంచం గుమాస్తా బల్ల దగ్గర పుట్టదు. అక్కడికి వచ్చేసరికే దానికి గడ్డాలు మీసాలు వచ్చి ఉంటాయి. అది పుట్టేది ఒక నాయకుడి సిఫారసు లేఖలో. ఫలానా ఉద్యోగి ఫలానా చోటికి బదిలీ కావాలి. నియమం ప్రకారం వరుసలో ఉన్నవాడు ఇంకొకడు. ఈయన నాయకుడి గుమ్మం తొక్కుతాడు. లేఖ వస్తుంది, కుర్చీ దొరుకుతుంది. ఇక ఆ రోజు నుండి ఆయన ప్రభుత్వానికి నౌకరు కాదు, ఆ లేఖకు నౌకరు. నాయకుడి నుండి ఫోను వస్తే ఫైలు కదులుతుంది, ఇంకో ఫోను వస్తే ఆగుతుంది. కుర్చీకి పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకోవాలి కదా! అది రాబట్టేది కూలి మానుకుని వచ్చినవాడి దగ్గరే.

ఈ సంగతి న్యాయస్థానాలు ఎరగనిది కాదు. అధికారులు నోటిమాట ఆదేశాలమీద పనిచేయరాదని, వచ్చిన ఆదేశాలను రాతలో నమోదు చేయాలని, బదిలీలు, నియామకాలపై సలహాకు సివిల్ సర్వీసెస్ బోర్డులు ఉండాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న తీర్పు చెప్పింది. చట్టసభలో ఓటు కోసం లంచం తీసుకున్న సభ్యుడికి సభా హక్కుల రక్షణ లేదని 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇందుకు భిన్నమైన 1998 నాటి తీర్పును కొట్టివేసింది.

మన చుట్టుపక్కలే చూద్దాం. చీరాల దగ్గరి వాడరేవు, రేపల్లె వైపు నిజాంపట్నం పేర్లతో 2008లో ఓడరేవుల పారిశ్రామిక కారిడార్ అంటూ వేల ఎకరాల వ్యవహారం మొదలైంది. ప్రభుత్వం అరబ్ ఎమిరేట్లలోని రాస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. ఆ కారిడార్ రాలేదు. 2012లో సి.బి.ఐ. కేసులో ఒక పారిశ్రామికవేత్త, ఒక అధికారి, అప్పటి మంత్రి ఒకరు అరెస్టయ్యారు. దోషులెవరో, నిర్దోషులెవరో తేల్చవలసింది న్యాయస్థానమే. రుజువు కానిదే ఎవరినీ దొంగ అనకూడదని ఇస్లాం కూడా బోధిస్తుంది. అనంతపురం జిల్లా ఓబుళాపురం గనుల కేసులోనైతే 2025 మే 6న హైదరాబాదు సి.బి.ఐ. ప్రత్యేక కోర్టు తీర్పు వెలువడింది. గనుల శాఖ మాజీ డైరెక్టరుతో సహా నలుగురికి ఏడేళ్ళ శిక్ష పడింది. నాటి మంత్రి ఒకరు, ఒక ఐ.ఎ.ఎస్. అధికారి నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పీలుపై హైకోర్టు జూన్‌లో శిక్ష అమలును నిలిపింది. చివరి తీర్పు ఏదైనా, ఉద్యోగి సోదరులు ఒక్కటి గ్రహించాలి. ఫైలు మీద నిలిచిపోయేది చెప్పినవాడి మాట కాదు, పెట్టినవాడి సంతకం. పరలోకంలోనూ అంతే. పెద్దలు చెప్తే చేశామన్న జవాబు అక్కడ చెల్లదని ఖుర్‌ఆన్ పలుచోట్ల స్పష్టం చేసింది.

సిఫారసు రెండు రకాలు

లంచాన్ని అందరం తిడతాం. సిఫారసును మాత్రం పలుకుబడి అని గౌరవిస్తాం. అసలు జబ్బు ఇక్కడే ఉంది. ఖుర్‌ఆన్ నాలుగో సూరా 85వ ఆయతు సిఫారసును రెండుగా విడదీసింది. మంచి సిఫారసు చేసినవాడికి ఆ మంచిలో భాగం, చెడు సిఫారసు చేసినవాడికి ఆ చెడులో భాగం ఉంటుందని తెలిపింది.

చదువురాని విధవరాలికి అర్జీ రాసిపెట్టి, ఆమెతో పాటు కచేరీకి వెళ్ళి, ఈమె పని ఎందుకు ఆగిందని అడగడం మంచి సిఫారసు. అందులో ఎవరి హక్కూ పోదు, పోయిన హక్కు తిరిగి వస్తుంది. వరుసలో వెనక ఉన్న మనవాణ్ణి ముందుకు నెట్టించడం చెడు సిఫారసు. మనకు దొరికిన ప్రతి అడ్డదారి ఉద్యోగం వెనక, రాత్రింబవళ్ళు చదివి మార్కులు తెచ్చుకుని ఇంటికి తిరిగి వెళ్ళిన ఒక పేదపిల్ల ఉంటుంది. ఆమె మతం ఏదైనా సరే, ఆమె హక్కు మన మెడ మీద ఉంటుంది. బందాల హక్కును బందాలు క్షమించాలి.

మఖ్‌జూమ్ వంశపు స్త్రీ దొంగతనం చేసింది. గొప్ప వంశం కనుక శిక్ష తప్పించాలని పెద్దలు తలచారు. ప్రవక్త (స)కు ప్రీతిపాత్రుడైన ఉసామా బిన్ జైద్ (రజి)ను సిఫారసుకు పంపారు. ప్రవక్త (స) ఆగ్రహించారు. ఉన్నవాడు దొంగిలిస్తే వదిలి, లేనివాడు దొంగిలిస్తే శిక్షించినందుకే పూర్వపు జాతులు నాశనమయ్యాయని చెప్పారు. తన కుమార్తె ఫాతిమా చేసినా శిక్ష తప్పదన్నారు. ప్రాణప్రదమైన బిడ్డ పేరు ఎత్తారంటే, సిఫారసు తలుపును ఎంత గట్టిగా మూశారో ఆలోచించండి. ఆ తర్వాత ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడే వారి ఆస్తుల చిట్టా రాయించేవారు. పదవిలో ఉండగా పెరిగిన ఆస్తిని లెక్క అడిగి బైతుల్‌మాల్‌కు జమ చేయించేవారు. మన ప్రభుత్వ ఉద్యోగులు ఏటా ఆస్తుల వివరాలు సమర్పించాలన్న నియమం ఉద్దేశమూ అదే.

తప్పనిసరై ఇచ్చేవాడి సంగతి?

మా దగ్గరకు వచ్చి చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇవ్వకపోతే పని కాదు, ఇస్తే పాపం. ఏం చేయాలి? లంచం ఇచ్చేవాణ్ణీ, పుచ్చుకునేవాణ్ణీ ప్రవక్త (స) శపించారు. మరో ఉల్లేఖనంలో మధ్య నడిచే దళారీ ప్రస్తావన కూడా ఉంది. అయితే తన న్యాయమైన హక్కు పొందడానికి అన్ని దారులూ మూసుకుపోయి, ఎవరి హక్కుకూ నష్టం లేనప్పుడు తప్పనిసరై ఇస్తే పాపం పుచ్చుకున్నవాడిదే అని పలువురు ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. ఈ వెసులుబాటును కొందరు హైవే చేసుకున్నారు. అన్ని దారులూ మూసుకుపోవడం అంటే ఒక్క దారి కూడా తట్టకుండా జేబులో చేయి పెట్టడం కాదు.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు లంచం ఇవ్వడం కూడా ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం. కానీ బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే నేరస్థుడు కాడు. ముందే అవినీతి నిరోధక శాఖ (ఎ.సి.బి.)కు చెబితే ఇంకా మేలు. దాని ఉచిత ఫోను నంబరు 1064. వారు నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపుతారు. పుచ్చుకున్న చేతిని సోడా ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది. ఈ లోకంలోనే చేతులు సాక్ష్యం పలుకుతాయన్నమాట! ఫిర్యాదుదారు తర్వాత మాట మార్చినా, మరణించినా ఇతర సాక్ష్యాధారాలతో నేరం రుజువు చేయవచ్చని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

అంతదాకా పోనక్కరలేని పనులే ఎక్కువ. నోటితో అడగకండి, అర్జీ రాసివ్వండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. గడువు దాటితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నా అర్జీ ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఉందని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు. మనకు చదువుకున్న కుర్రవాళ్ళకు కొదువ లేదు. జుమా నమాజు తర్వాత ప్రతి మస్జిదు దగ్గరా ఇద్దరు యువకులు ఒక గంట కూర్చుని అర్జీలు రాసిపెడితే చాలు, దళారీల దుకాణాలు మూతపడతాయి.

మన ఇంటి గుమ్మం దగ్గర

ఒక చేదు నిజం చెప్పక తప్పదు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మన ఇళ్ళలో ఏమడుగుతున్నాం? అబ్బాయి నమాజీయేనా అని ఒకసారి అడిగితే, జీతం ఎంత అని రెండుసార్లు అడుగుతాం. ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘ఊపర్ కీ ఆమ్దనీ’ ఏమైనా ఉందా అంటాం. ఆ ఒక్క ప్రశ్నతో ఆడపిల్ల తండ్రి తన బిడ్డకు, పుట్టబోయే మనుమలకు హరామ్ ముద్ద కోరుకుంటున్నాడు. పైసంపాదన లేని అల్లుణ్ణి చేతకానివాడనే అత్తగారు, లంచగొండితనానికి ప్రభుత్వాన్ని తిట్టే హక్కు కోల్పోతుంది.

అలాగే కలెక్టరు కచేరీలో నిజాయితీ కోరే మనం మన మస్జిదు జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెడుతున్నామా? ఎన్నికలప్పుడు నాయకుడు గుమ్మంలోకి వస్తే మావాడికి ఒక ఉద్యోగం అంటున్నామా, మా ఊరి ఉర్దూ బడిలో ఖాళీలు నియమం ప్రకారం నింపండి అంటున్నామా? మొదటిది అడిగినప్పుడు ఓటు అమ్ముకున్నట్టే. రెండోది అడగడం మంచి సిఫారసు.

నూరేళ్ళ క్రితం ఈ ఊరి పేద నేతగాళ్ళు మోయలేని పన్నుకు తలవంచక ఇళ్ళే వదిలారు. ఈ రసీదు లేని పన్నును ఎదిరించడానికి మనం ఊరు విడవనక్కరలేదు, పాకలు వేయనక్కరలేదు. విడవవలసింది ఒక్క అలవాటును. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ రొట్టె, ఆ రొట్టెతో తృప్తిపడే గుండె ప్రసాదించుగాక. ఆమీన్.