మూతపడిన సైనిక పాడిక్షేత్రములు - సంఘముల కర్తవ్యము

కండ్లకోయ ప్రాంతమునుండి సికింద్రాబాదునకు పాలును, కూరగాయలును కొనిపోవు రైతులకు 'డెయిరీ ఫారం రోడ్డు' ఎరిగిన త్రోవయే. సైన్యమువారి పాడిక్షేత్రమును బట్టి దానికాపేరు కలిగినది. పేరు నిలిచినది గాని క్షేత్రము నిలువలేదు. దాని చరిత్రమునుండి మన సంఘములు గ్రహింపవలసినది కలదు.

సైనికులకు శుభ్రమైన పాలు సమకూర్చుటకై 1889 ఫిబ్రవరి 1వ తేదీన అలహాబాదునందు మొదటి సైనిక పాడిక్షేత్రము నెలకొల్పబడెను. క్రమముగా ఇట్టివి దేశమంతట వెలసెను. సైన్యపు వ్యయమును సవరింపదలచి, మిగిలియున్న 39 క్షేత్రములను మూయుటకు 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము నిశ్చయించెను. 2021 మార్చి 31న ఆ శాఖ ముగిసెను.

ఆ దొడ్లలో పెంపబడినది ఫ్రీస్వాల్ జాతి. హోల్‌స్టీన్ ఫ్రీజియను రక్తము అయిదు పాళ్లు, మన సాహివాలు రక్తము మూడు పాళ్లు కలిపి, మీరటులోని పశుపరిశోధనసంస్థ తోడ్పాటుతో దీనిని సిద్ధపరచిరి. క్షేత్రములు మూయునపుడు పశువులను ప్రభుత్వశాఖలకును, పాడి సహకారసంఘములకును నామమాత్రపు వెలకు ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. అయితే సంకరజాతి ఆవునకు పచ్చిమేత, చల్లని కొట్టము, సకాలమున వైద్యము కావలెను. ఇవి ముందుగా అమర్చుకొనని సంఘమునకు చౌకగా వచ్చిన ఆవును భారమే యగును.

భూమి సంగతి వేరు. క్షేత్రము మూతపడినంత మాత్రమున దాని నేల గ్రామమునకు రాదు. అది రక్షణశాఖ అధీనముననే యుండును. ప్యారడైజునుండి డెయిరీ ఫారం రోడ్డు వరకు ఎత్తువంతెన మార్గము వేయుటకు సైతము రాష్ట్రప్రభుత్వము రక్షణశాఖ అనుమతికై చాలకాలము వేచియుండవలసివచ్చెను. అనుమతి లభించిన పిమ్మట 2024 మార్చి 9న కండ్లకోయ కూడలియందు ఆ మార్గమునకు శంకుస్థాపన జరిగెను.

కావున ఇకమీదట ఏ సైనికస్థలమైనను మూతపడునని తెలిసిన తోడనే, సమీపసంఘములు సభ జరిపి మూడు విషయములు వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనవలెను. అచ్చటి పశువులు, కొట్టములు, బావులలో మనకు ఉపయోగపడునవి యేవి? వాటి పోషణవ్యయమును ఎవరు భరింతురు? నేల పూర్తిగా లభింపకున్నను, మేత పెంచుటకైనను కౌలు అడుగవచ్చునా? ఆ తీర్మానమును జిల్లా కలెక్టరుగారి మూలమున ప్రభుత్వమునకు పంపవలెను.

పశువులు పంచబడి, నేల మరియొక పనికి నిర్ణయింపబడిన పిమ్మట అర్జీ పెట్టిన ప్రయోజనము స్వల్పము. సభ్యులు ఈ విషయమును రాబోవు సర్వసభ్యసమావేశమున చర్చింతురుగాక.