బూట్ మధ్యలో ఆగిందా.. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చూడండి!

నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2016లో పూర్తయింది. ఇలా పట్టణాలకు దూరంగా ఉండేచోట కరెంటు పోయి వచ్చాక ఓ లినక్స్ సర్వర్ లేవలేదనుకోండి.. ఎవరో ఒకరు అక్కడిదాకా పరుగెత్తాల్సిందే. అందుకే ‘బూట్ మధ్యలో ఆగితే ఏం చేస్తారు?’ అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి.

క్రమం ఇదీ: కెర్నల్ లోడయ్యాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ రూట్ ఫైల్‌సిస్టమ్‌ను వెతికి పట్టుకుంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే తనిఖీ అయ్యాకే అందులో రాయడానికి వీలవుతుంది. మిగతా పార్టిషన్లు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ ప్రకారం మౌంట్ అవుతాయి.

అందులో ప్రతి వరుసలో ఆరో అంకె ముఖ్యం. రూట్‌కు 1, మిగతావాటికి 2 ఇస్తారు. 0 ఇస్తే తనిఖీ ఉండదు.

డిస్క్ తీసేసి వరుస అలాగే వదిలేస్తే? సిస్టమ్‌డీ సాధారణంగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు రూట్‌ను రీమౌంట్ చేసి, ఆ వరుస సరిదిద్ది, ‘మౌంట్ -ఎ’తో సరిచూడాలి. తప్పనిసరి కాని డిస్కులకు ‘నోఫెయిల్’ ముందే పెడితే ఈ తిప్పలుండవు. మౌంటై ఉన్న ఫైల్‌సిస్టమ్‌పై మాత్రం ఎఫ్‌ఎస్‌సీకేతో రిపేరు చేయకూడదు, డేటా పోవచ్చు.

చదివితే చాలదు. వర్చువల్ మెషీన్‌లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను కావాలనే చెడగొట్టి, మీరే బాగుచేయండి. జవాబు తడుముకోకుండా వస్తుంది.