మెరిట్ లిస్టులో పేరు వచ్చింది, కాలేజీ సీటు ఏం చేయాలి?

ప్రతి ఏడూ జూన్, జూలై నెలల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేటప్పుడు కమిటీ సభ్యులకు ఒకే రకమైన ఫోన్లు కొన్ని వస్తుంటాయి. "మా వాడు ఎన్.డి.ఎ. ఇంటర్వ్యూలో నెగ్గాడండీ. పిలుపు ఇంకా రాలేదు. ఇంజనీరింగ్ ఫీజు కట్టడానికి రేపే ఆఖరు తేదీ. కట్టాలా, ఆగాలా?" అని తండ్రి అడుగుతాడు. అప్పు తెచ్చి ఫీజు కట్టే ఇంట్లో ఇది చిన్న ప్రశ్న కాదు. కట్టి మానేస్తే డబ్బు పోతుంది. కట్టకుండా కూర్చుంటే, పిలుపు రాకపోతే ఏడాది పోతుంది. అందుకే ఈ సంచికలో ఆ విషయం వివరంగా రాస్తున్నాము.

ఎన్.డి.ఎ. అంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ. పన్నెండో తరగతి తర్వాత సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలలో ఆఫీసరు కావడానికి ఇది ప్రధాన ద్వారం. కర్ణాటకలో రెండో పి.యు. అన్నా, తమిళనాడులో, ఒడిశాలో ప్లస్ టూ అన్నా అర్హత ఇదే. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య ఉండాలి. మూడేళ్ళ చదువు, భోజనం, వసతి, యూనిఫారం, వైద్యం ఖర్చు ప్రభుత్వానిదే. చివర జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ వస్తుంది. తర్వాత డెహ్రాడూన్, ఎళిమల, దుండిగల్ వంటి చోట్ల ఆయా దళాల శిక్షణ ఉంటుంది. మధ్యతరగతి, పేద కుటుంబాలకు ఇది ఏ స్కాలర్‌షిప్‌కూ తీసిపోదు. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అమ్మాయిలకూ ఈ పరీక్ష తలుపు తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి జట్టులోని 17 మంది అమ్మాయిలు 2025 మేలో శిక్షణ పూర్తి చేశారు.

పరీక్షలు రెండు, క్యాలెండర్లు రెండు

యు.పి.ఎస్.సి. ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. సాధారణంగా ఒకటి ఏప్రిల్‌లో, రెండోది సెప్టెంబరులో. రాత పరీక్షకు 900 మార్కులు (లెక్కలు 300, జనరల్ ఎబిలిటీ 600). అందులో నెగ్గినవారికి ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ ఉంటుంది. దానికీ 900 మార్కులే. ఇది ఒక పూట ఇంటర్వ్యూ కాదు, అయిదు రోజుల పరీక్ష. ఆ తర్వాత సైనిక ఆసుపత్రిలో వైద్య పరీక్ష.

కాలేజీ గడువుతో చిక్కు ఎక్కడ వస్తుందనేది ఏ పరీక్ష రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

సెప్టెంబరు పరీక్ష రాసినవారికి ఇంటర్వ్యూలు చలికాలం నుంచి వేసవి మొదటిదాకా జరుగుతాయి. తుది ఫలితం వేసవిలో వస్తుంది. కోర్సు జూలై మొదట్లో మొదలవుతుంది. అంటే చేరే పిలుపు కోసం ఎదురుచూసే రోజులూ, కాలేజీ కౌన్సెలింగ్ రోజులూ ఒకదానిపై ఒకటి పడతాయి.

ఏప్రిల్ పరీక్ష రాసినవారికి ఇంటర్వ్యూలు వర్షాకాలంలో జరుగుతాయి. కోర్సు జనవరి మొదట్లో మొదలవుతుంది. ఉదాహరణకు 2024 ఏప్రిల్ పరీక్ష తుది ఫలితం అక్టోబరులో వచ్చింది, కోర్సు 2025 జనవరి 2న మొదలైంది. వీరికి కౌన్సెలింగ్ నాటికి ఏమీ తేలదు. కాలేజీలో చేరి, ఒక సెమిస్టరు చదివి, మధ్యలో వదిలి వెళ్ళాల్సి వస్తుంది.

సైన్యం నడిపే టెక్నికల్ ఎంట్రీ స్కీమ్‌కూ ఇదే చిక్కు ఉంది. దీనికి యు.పి.ఎస్.సి. రాత పరీక్ష లేదు. పన్నెండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఉండి, జె.ఇ.ఇ. మెయిన్ రాసినవారిని నేరుగా ఎస్.ఎస్.బి.కి పిలుస్తారు.

లిస్టులో పేరుకూ, చేరే ఉత్తరానికీ తేడా

మన తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎస్.ఎస్.బి.లో "రికమెండ్ అయ్యాడు" అంటే ఎంపికైనట్లు కాదు. మెడికల్‌లో ఫిట్ అన్నా ఎంపికైనట్లు కాదు. మెరిట్ లిస్టులో పేరు వచ్చినా చేరినట్లు కాదు.

2024 ఏప్రిల్ పరీక్షకు ప్రకటించిన ఖాళీలు 400. సైన్యానికి 208, నౌకాదళానికి 42, వైమానిక దళానికి 120, ఎళిమలలోని నేవల్ అకాడమీకి 30. తుది మెరిట్ లిస్టులో మాత్రం 641 మంది పేర్లు ఉన్నాయి. అంటే లిస్టులో ఉండి కూడా రెండు వందల పైచిలుకు మందికి సీటు లేదు. యు.పి.ఎస్.సి. ఆ లిస్టు తయారు చేసేటప్పుడు వైద్య పరీక్ష ఫలితాన్ని లెక్కలోకి తీసుకోదు. లిస్టులో ఉన్నవారందరి ఎంపికా తాత్కాలికమే. మెడికల్‌లో ఆగిపోయినవారు, ధ్రువపత్రాలు అందించనివారు, వేరే దారి చూసుకున్నవారు తప్పుకున్నకొద్దీ కిందివారికి అవకాశం వస్తుంది. అందుకే 400 దాటిన ర్యాంకుకు కొన్నిసార్లు పిలుపు వస్తుంది, కొన్నిసార్లు రాదు. కోరుకున్న దళాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. అమ్మాయిలకు ఖాళీలు విడిగా, తక్కువగా ఉంటాయి కాబట్టి వారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకోండి. చేరమని ఉత్తరం చేతికి వచ్చేదాకా కాలేజీ సీటు వదలకండి. బంధువులు అభినందించినా, కోచింగ్ సెంటరు వారు ఫొటో వేసినా, పత్రికలో పేరు వచ్చినా సరే.

కాలేజీ వైపు నిబంధనలు

సీటు తీసుకుని తర్వాత వదులుకోవడం తప్పు కాదు. దానికి నిబంధనలు ఉన్నాయి. వాటి తేదీలు తెలుసుకుని ఉండాలి.

ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో చివరి రౌండుకు ముందుదాకా సీటు వెనక్కి ఇవ్వవచ్చు. కొంత ప్రాసెసింగ్ రుసుము మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు. ఆ గడువు దాటితే కట్టినది పోతుంది. రాష్ట్రాల కౌన్సెలింగులు, అంటే కర్ణాటకలో కె.ఇ.ఎ., తమిళనాడులో టి.ఎన్.ఇ.ఎ., ఒడిశాలో ఒ.జె.ఇ.ఇ., మహారాష్ట్రలో క్యాప్, యానాం పిల్లలకు సెంటాక్, ఒక్కొక్కటీ తన బ్రోచరులో సీటు రద్దు తేదీలను ప్రకటిస్తుంది. బ్రోచరు చేతికి రాగానే ముందు ఆ పేజీ చదవండి. ఏ రౌండు దాకా నష్టం లేకుండా తప్పుకోవచ్చో ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.

కాలేజీలో చేరిన తర్వాత సంగతి వేరు. యు.జి.సి. 2018లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే కొద్ది మినహాయింపుతో ఫీజు మొత్తం తిరిగి వస్తుంది. ఆలస్యమైనకొద్దీ తగ్గుతుంది. చివరి తేదీ దాటి 30 రోజులైతే ఫీజులో రూపాయి కూడా రాదు. కొన్ని సంవత్సరాలలో యు.జి.సి. ఇంకా ఉదారంగా తేదీలు ప్రకటించింది. 2024-25కు సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించని మినహాయింపుతో ఫీజు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఈ తేదీలు ఏటేటా మారతాయి. మీ సంవత్సరానికి ఏం ప్రకటించారో చూసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీలకు ఎ.ఐ.సి.టి.ఇ. నిబంధనలు కూడా ఉన్నాయి. మానుకున్న విద్యార్థిని మిగతా సంవత్సరాల ఫీజు కట్టమని కాలేజీ అడగకూడదని అవి చెబుతున్నాయి.

రెండు కుటుంబాలు

బరంపురంలో ఒక అమ్మాయి సెప్టెంబరు పరీక్ష రాసి, మెరిట్ లిస్టులో పేరు తెచ్చుకుందనుకుందాం. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. చేరే ఉత్తరం ఇంకా రాలేదు. ఆమె సీటు ఒప్పుకోవాలి. ఎందుకంటే జూలై కోర్సు వ్యవహారం కొద్ది వారాల్లో తేలిపోతుంది. అప్పటికి కాలేజీ రద్దు గడువు చాలావరకు మిగిలే ఉంటుంది. ఉత్తరం వస్తే రద్దు చేసుకుని చాలా డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. రాకపోతే సీటు చేతిలో ఉంటుంది. ఫీజు కట్టకుండా ఆగితే మిగిలేది కొద్ది వేలు, పోతే పోయేది ఒక ఏడాది.

షోలాపూర్‌లో ఒక అబ్బాయి ఏప్రిల్ పరీక్ష రాశాడనుకుందాం. అతనికి పిలుపు వస్తే డిసెంబరులో వస్తుంది. అప్పటికి ఫీజు తిరిగి వచ్చే తేదీలన్నీ దాటిపోతాయి. అంటే కాలేజీకి కట్టినది పోయినట్లే అనుకుని మొదలుపెట్టాలి. అందువల్ల అతను ఎక్కువ డొనేషను అడిగే కాలేజీ కంటే ప్రభుత్వ కాలేజీనో, తక్కువ ఫీజు సీటునో ఎంచుకోవడం మంచిది. వాయిదాలలో కట్టే వీలుంటే అలాగే కట్టాలి. హాస్టలు డబ్బు ఏడాదికి ఒకేసారి కట్టకుండా నెలవారీగా మాట్లాడుకోవాలి. బ్యాంకు రుణమైతే మొదటి సెమిస్టరుకు మించి విడుదల చేయించుకోకూడదు. కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. "పిలుపు వస్తుందిలే" అని ఏ కాలేజీలోనూ చేరకుండా ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు. కాలేజీలో చేరి ఉండటం ఎన్.డి.ఎ. ఎంపికకు ఏ విధంగానూ అడ్డు కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు

పన్నెండో తరగతి మార్కుల జాబితా, పుట్టిన తేదీకి పదో తరగతి ధ్రువపత్రం సైన్యం వారికీ కావాలి, కాలేజీకీ కావాలి. ఒరిజినల్స్ కాలేజీలో ఉండిపోయి, చేరే తేదీ దగ్గరపడ్డాక పరుగులు పెట్టే కుటుంబాలు ఉన్నాయి. 2018 యు.జి.సి. నిబంధన ప్రకారం కాలేజీ ఒరిజినల్స్‌ను చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకోకూడదు. చేరేనాడే ఈ మాట మర్యాదగా అడగండి. ఇవ్వక తప్పకపోతే, ఏయే కాగితాలు ఇచ్చారో రాసిన రసీదు తీసుకోండి. అటెస్ట్ చేసిన నకళ్ళు మూడు నాలుగు జతలు ఇంట్లో ఉంచుకోండి. మానుకునేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా ప్రిన్సిపాల్‌కు తేదీతో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. ఫీజు తిరిగి ఎంత వస్తుందన్నది ఆ తేదీ మీదే ఆధారపడుతుంది.

ఖర్చు, ట్రస్టు సహాయం

ఎన్.డి.ఎ.లో చదువు ఉచితమే అయినా, చేరేటప్పుడు చేతిఖర్చుకూ, కొన్ని దుస్తులకూ తల్లిదండ్రులు కొంత మొత్తం కట్టాలి. ఎంతన్నది చేరే ఉత్తరంతో వచ్చే సూచనల్లో ఉంటుంది. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ప్రభుత్వ సహాయం ఉంది. కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు తమ స్థిర నివాసులైన కేడెట్లకు స్కాలర్‌షిప్ ఇస్తాయి. మనం తరతరాలుగా ఉంటున్న రాష్ట్రంలో నివాస ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకుంటే అప్పుడు పనికివస్తుంది. నెలకు రూ. 56,100 స్టైపెండ్ అని వినే మాట ఎన్.డి.ఎ. మూడేళ్ళకు వర్తించదు. ఆ తర్వాతి శిక్షణ కాలానికి మాత్రమే. ఇంకొకటి, శిక్షణలో చేరాక సొంత ఇష్టంతో మానేస్తే ఖర్చు తిరిగి కట్టవలసి రావచ్చు. ఉత్తరం రాకముందే పిల్లవాడి మనసు తెలుసుకోండి.

మన ట్రస్టు స్కాలర్‌షిప్ తీసుకుని కాలేజీలో చేరినవారు, పిలుపు వచ్చి వెళ్ళేటప్పుడు కమిటీకి ఒక ఉత్తరం రాయాలని మనవి. కాలేజీ నుంచి ఫీజు తిరిగి వస్తే అందులో ట్రస్టు భాగం మరో విద్యార్థికి ఉపయోగపడుతుంది. దరఖాస్తులోనే "ఎన్.డి.ఎ. ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను" అని రాయడానికి వెనుకాడవద్దు. ఆ మాట రాసినంత మాత్రాన ఎవరి దరఖాస్తూ పక్కన పెట్టము.

పిలుపు రాకపోతే

లిస్టులో ఉండి కూడా పిలుపు రాని పిల్లల బాధ చెప్పనలవి కాదు. ఇంట్లో ఎవరూ దాన్ని ఓటమి అనకండి. అయిదు రోజుల ఎస్.ఎస్.బి. గట్టెక్కినవాడు చాలా చేసినట్లే. వయసు ఉంటే ఎన్.డి.ఎ. మళ్ళీ రాయవచ్చు. డిగ్రీ తర్వాత సి.డి.ఎస్., వైమానిక దళానికి ఎఫ్‌క్యాట్, ఇంజనీరింగ్ చదివినవారికి సైన్యం టెక్నికల్ ఎంట్రీలు, ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉన్నాయి. ఆ దారులన్నింటికీ కావలసింది చేతిలో ఒక డిగ్రీ. గడువులోగా కట్టిన ఆ కాలేజీ ఫీజే అప్పుడు పిల్లవాడిని మళ్ళీ అదే తలుపు దగ్గరికి చేరుస్తుంది.

ఈ ఏడాది ఎదురుచూస్తున్న పిల్లలందరికీ కమిటీ తరఫున శుభాకాంక్షలు.