మిగిలిన కాలిపై పడే భారం

యుద్ధంలో కాలు పోయిన సైనికుని గాయం మాని, అతడు కృత్రిమపాదంతో తిరిగి నడక నేర్చుకొంటే వైద్యం ముగిసినట్లే తోస్తుంది. కాని అసలు చిక్కు తరువాత ఇరవై, ముప్పయి ఏండ్లకు బయటపడుతుంది. అది పోయిన కాలికి సంబంధించినది కాదు. మిగిలిన దేహానికి సంబంధించినది.

1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి కాళ్ళు కోల్పోయినవారిలో అధికులు యువకులు. వారు కృత్రిమపాదాలతోనే దీర్ఘకాలం జీవించారు. అందువల్ల దశాబ్దాల తరబడి అసమానంగా పడే భారం ఎముకలను, కీళ్ళను ఏమి చేస్తుందో పరిశీలించడానికి వైద్యులకు వీలు కలిగినది. 1978లో బ్రిటన్‌లో బర్క్, రోమన్, రైట్ అనే పరిశోధకులు కాలు తీసివేయబడినవారిని పరిశీలించి రెండు మార్పులను ప్రకటించారు. ఒకటి, బాగున్న కాలి మోకాలికీలు అరిగిపోవడం. రెండు, తెగిన వైపు ఎముక గుల్లబారడం. ఒకే దేహంలో ఒక వైపు అరుగుదల, మరొక వైపు గుల్లదనం ఎందుకు కలుగుతున్నవి?

మొదట అరుగుదల సంగతి చూద్దాం. మనం నడిచేటప్పుడు వెనుకనున్న పాదం మడమ ఎత్తగా, పిక్క కండరాలు దేహాన్ని ముందుకు నెడతాయి. సాధారణ కృత్రిమపాదానికి ఈ శక్తి లేదు. అందుచేత దేహం తగినంత ఊతం లేకుండానే ముందుకు ఒరిగి, బాగున్న కాలిపై బరువుగా దిగుతుంది. అప్పుడు నేల పైకి నెట్టే బలరేఖ మోకాలికి కొంచెం లోపలి ప్రక్కగా పోతుంది. బలాన్ని లంబదూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుందని విద్యార్థులు ఎరుగుదురు. బలం పెరిగినా, దూరం పెరిగినా మోకాలి లోపలి భాగం ఎక్కువగా నలుగుతుంది. అక్కడ ఎముకల కొనలను కప్పియుండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కనుక ఒకసారి దెబ్బతింటే అది తేలికగా బాగుపడదు.

ఒక్క అడుగులో ఈ తేడా స్వల్పమే. కాని ఒక మనిషి బాగున్న కాలితో రోజుకు 3,000 అడుగులు వేస్తాడనుకొందాం. సంవత్సరానికి అవి 10,95,000 అవుతాయి. నలభై ఏండ్లకు 4 కోట్ల 38 లక్షలు.

ఇక గుల్లదనం సంగతి. ఎముక తనపై పడే భారాన్నిబట్టి తన నిర్మాణాన్ని మార్చుకొంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. భారం తగ్గిన ఎముక క్రమంగా పలచబడుతుంది. మోకాలికి పైన కాలు తీసివేసినవారిలో, మొండికాలు ఇమిడే సాకెట్ దేహభారంలో చాలా భాగాన్ని కటి ఎముకకే అందించవచ్చు. అప్పుడు తొడ ఎముకకు పని తగ్గుతుంది.

అయితే భారం తగ్గినంత మాత్రాన కీలుకు రక్షణ కలుగుతుందనుకోరాదు. బ్రిటిష్ మాజీ సైనికులను గురించి 1998లో వెలువడిన పరిశోధనలో, తెగిన వైపు తుంటిలో ఎముక సాంద్రత తగ్గడమే కాక, కీలు అరుగుదల కూడా కనిపించినది. కీలు సక్రమంగా పనిచేయాలంటే దాని చుట్టూ ఉన్న కండరాలు సమంగా లాగాలి. కాలు తీసివేసినప్పుడు వాటిలో కొన్ని తమ పట్టును కోల్పోతాయి. నడుము సంగతీ ఇట్టిదే. కృత్రిమపాదం పొడవు సరిపోకపోతే కటి ఒక వైపు వాలుతుంది. వెన్ను ఆ వంపును ప్రతి అడుగులోను సవరించుకోవలసి వస్తుంది. కాళ్ళు కోల్పోయినవారిలో నడుమునొప్పి తరచుగా కనబడడానికి ఇది ఒక కారణం.

కారణం తెలిసిన తరువాత నివారణకు దారి దొరుకుతుంది. కృత్రిమపాదం పొడవును, అమరికను నిపుణులు అప్పుడప్పుడు సరిచూడాలి. తుంటి, నడుము కండరాలకు వ్యాయామం ఉండాలి. దేహం బరువు పెరగకుండా చూచుకోవాలి. శక్తిని నిలువచేసి, మడమ లేచే వేళకు తిరిగి ఇచ్చే పాదాలు కూడా నేడు ఉన్నవి. అట్టి పాదం ఇచ్చే నెట్టుడు పెరిగితే, బాగున్న మోకాలిపై పడే భారం తగ్గగలదని ప్రయోగాలలో తేలినది.

మన దేశంలో గాయపడిన సైనికుల కొరకు 1944లోనే పుణె నగరంలో కృత్రిమ అవయవ కేంద్రం ఏర్పడినది. అట్టి కేంద్రాలకు వచ్చే మాజీ సైనికుని పరీక్షించేటప్పుడు మొండికాలిని, కృత్రిమపాదాన్ని మాత్రమే చూస్తే చాలదు. ఏ నొప్పీ చెప్పని రెండవ మోకాలిని కూడా మొదటి సంవత్సరం నుండే గమనిస్తూ ఉండాలి.